గేలపు కర్రల తయారీ, మరమ్మతు
(ప్రసంగ పాఠము)



వరి, గోగు, నువ్వులు, జీడిమామిడి ముచ్చట్లు చెప్పుకొనే చోట గేలపు కర్ర ఊసెందుకని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఆలోచించి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములలో చెరువు లేని ఊరు అరుదు. వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని, సువర్ణముఖి, వేగావతి, మహేంద్రతనయ, బాహుదా నదులు, వాటిలో కలియు గెడ్డలు, తీరము వెంబడి తంపరలు ఇక్కడ ఉన్నవి. ఇన్ని నీళ్లున్న చోట గేలము పట్టెరుగని కుటుంబము తక్కువ. ఉభాలు ముగిసి, కలుపు తీతకు ఇంకను వ్యవధి ఉన్న రోజులలో ఒక పూట గట్టున కూర్చున్నవాడు నాలుగు పరిగెలు, రెండు మట్టగిడసలు తెచ్చెనా, ఇంటిల్లిపాదికీ కూర అగును. పిల్లలకు, బాలింతలకు అది మంచి బలము.

ఐతే ఇప్పుడు అనేక ఊళ్లలో జరుగుచున్నదేమి? బజారులో మెరిసే ఫైబరు కర్రను కొనుచున్నారు. అది మొదటి వర్షాకాలములోనే ఎక్కడో పుటుక్కుమని విరుగును. దానిని పెంటకుప్ప మీద పారవేసి మరియొకటి కొందురు. లేదా దొడ్డి వెనుక నుండి పచ్చి వెదురు ఒకటి నరికి అప్పటికప్పుడు దారము కట్టుదురు. అది నెల తిరుగకుండ వంకరపోవును, ఏడాది తిరుగకుండ పురుగు పట్టును. రెండు విధములా నష్టమే. డబ్బు పోవుట ఒక నష్టము. చేతికందిన చేప పోవుట మరియొకటి. విరిగిన కర్రతో, తెగిన దారముతో, నోట ముల్లుతో పోయిన చేప మనకు దక్కదు. అది సరిగా మేత తినలేక నీళ్లలో తీసికట్టుపడును. అన్నిటికన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. వెదురు ఎప్పుడు నరకవలెనో, ఎట్లు ఆరబెట్టవలెనో, ఎట్లు సాపు చేయవలెనో ఎరిగిన పెద్దలు, మేదరి పనివారు ఊరూరా తగ్గిపోవుచున్నారు. ఆ తెలివి చేతి నుండి చేతికి పోవలసినది. ఒక తరము నేర్వకపోయినచో తరువాతి తరమునకు చూపువాడుండడు.

కావున మీ గట్టు మీద పెరుగు వెదురుతోనే, ఎవరి చేతికి తగినది వారికి, పది కాలముల పాటు నిలుచు కర్రను చేసికొను విధము, విరిగినదానిని బాగు చేసికొను విధము ఈ ప్రసంగములో వివరించెదను.

ఏ వెదురు మంచిది

మన తూర్పు కనుమలలో, పొలము గట్లపై ముఖ్యముగా రెండు రకముల వెదుళ్లు కనిపించును. ఒకటి ముళ్ల వెదురు. ఇది లావుగా, ఎత్తుగా పెరుగును. లోపల బోలు ఎక్కువ. పందిళ్లకు, తట్టలకు, ఇంటి వాసములకు పనికివచ్చును. రెండవది సాధనపు వెదురు. దీనినే కొందరు గట్టి వెదురనియు, మగ వెదురనియు అందురు. ఇది సన్నము. పొడి నేలలలో పెరిగినది లోపల దాదాపు నిండుగా ఉండును. చేతికర్రలకు, లాఠీలకు వాడునది ఇదియే. గేలపు కర్రకు ఇదియే మేలు.

ఈ వెదురుకు ప్రపంచములో పేరున్నది. 19వ శతాబ్దిలో మన దేశపు వెదురు కలకత్తా రేవు నుండి ఓడలెక్కి, "కలకత్తా వెదురు" అను పేరుతో ఇంగ్లండు, అమెరికా దేశములలో గేలపు కర్రలకు వాడుకలోనికి వచ్చినది. అమెరికాలోని ఈస్టన్ పట్టణమున శామ్యూల్ ఫిలిప్ అను తుపాకుల పనివాడు 1840లలో వెదురును బద్దలుగా చీల్చి, వాటిని తిరిగి అతికి కర్రలు చేసెను. తరువాతి పనివారు ఆరు బద్దలను పైచర్మము వెలుపలికి ఉండునట్లు అతికి ఆరు పలకల కర్రలు చేసిరి. 20వ శతాబ్దిలో చైనా నుండి వచ్చిన టోంకిన్ వెదురు కలకత్తా వెదురు స్థానమును ఆక్రమించినది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత గాజు ఫైబరు కర్రలు, 1970లలో కార్బన్ ఫైబరు కర్రలు వచ్చినవి.

ఈ చరిత్రలో మనకు అక్కరకు వచ్చు పాఠము ఒకటున్నది. వెదురు బలమంతయు పైచర్మము క్రింది పొరలో ఉన్నది. నార అక్కడ దట్టము. లోపలికి పోయిన కొలది పలుచన. అందుచేతనే ఆ పనివారు చర్మమును వెలుపలికి ఉంచి, లోపలి మెత్తని భాగమును చెక్కివేసిరి. మనవారు నునుపు కొరకు కత్తితో పైచర్మమును గీకివేయుట పొరపాటు. అట్లు గీకిన కర్ర చూచుటకు బాగుండును గాని, బరువు పడినప్పుడు గీకిన చోటనే విరుగును.

ఎప్పుడు నరకవలెను, ఎట్లు నరకవలెను

వెదురు మిగిలిన చెట్ల వంటిది కాదు. వర్షాకాలములో భూమి నుండి వచ్చిన పిలక రెండు మూడు నెలలలో తన పూర్తి ఎత్తు పెరిగిపోవును. ఆ తరువాత లావు కాదు, ఎత్తు కాదు. లోలోపల గట్టిపడుట మాత్రమే జరుగును. అందుచే ఎత్తును చూచి ముదిరినదని అనుకొనరాదు. ఏడాది వెదురు, నాలుగేండ్ల వెదురు ఒకే ఎత్తున ఉండును.

లేత వెదురు నిగనిగలాడు పచ్చగా ఉండును. కణుపుల వద్ద పొరలు అంటుకొని, పైన తెల్లని పొడి రాసినట్లుండును. మూడు నాలుగేండ్ల వెదురు రంగు మాసి, పైన బూడిదరంగు మచ్చలు పట్టి యుండును. కత్తి మడమతో కొట్టిన ఖంగుమని మ్రోగును. మనకు కావలసినది ఇట్టిది. లేతది ఆరినప్పుడు ముడుచుకొనును, వంకరపోవును.

కోతకు చలికాలము మంచిది. వర్షాకాలములో పిలకలు పెరుగుచుండును. అప్పుడు నరికినచో పొద దెబ్బతినును. వానలు వెనుకబడి, పెరుగుదల ఆగిన తరువాత పుష్య మాఘ మాసములలో నరకవలెను. నేలకు జానెడు ఎత్తున, కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా నరకవలెను. మొదలు గిన్నెవలె ఉండి నీరు నిలిచినచో కుళ్లు దుబ్బులోనికి దిగును. పొద నడుమనున్న ముదురు కర్రలను ఏరి తీయవలెను గాని, వెలుపలి లేత కర్రలను చేతికందినవని నరకరాదు. రాబోవు పిలకలకు ఆధారము ఆ లేత కర్రలే.

అడవిలోని వెదురును అటవీ శాఖ అనుమతి లేక నరకరాదు. 1927 నాటి భారత అటవీ చట్టమును 2017లో సవరించి, అడవి వెలుపల పెంచిన వెదురును చెట్టు అను నిర్వచనము నుండి తొలగించిరి. ఐనను అమ్మకమునకు దూరము తరలించువారు ముందుగా దగ్గరి అటవీ కార్యాలయములో విచారించుకొనుట మేలు. సొంత గట్టు మీద నాలుగు దుబ్బులు పెంచుకొన్నవానికి గంపలకు, పాదులకు, గేలములకు లోటుండదు.

నానబెట్టుట, ఆరబెట్టుట

వెదురుకు పురుగు ఎందుకు పట్టును? దానిలోని పిండి పదార్థము కొరకు. నరికి పెట్టిన వెదురు క్రింద మెత్తని పిండి రాలుట మీరు చూచియే యుందురు. చిన్న పెంకు పురుగు లోపల తొలిచి తినుచున్నదని దానికి గుర్తు. ఆ పిండిని మనమే ముందు తీసివేసినచో పురుగుకు ఆహారముండదు. మన పెద్దలు వెదురును గెడ్డలో ముంచి ఉంచుట ఇందుకే. నరికిన వెంటనే కొమ్మలు చెక్కి, పారు నీటిలో నాలుగు వారములకు తగ్గకుండ రాళ్లు పెట్టి ముంచి ఉంచవలెను. నిలువ నీటిలో ముంచిన మురిగి మచ్చలు పడును. తప్పనిసరియైనచో నీరు మార్చుచుండవలెను.

దీనితో పాటు మందు పట్టించగోరువారు బోరాక్సు, బోరిక్ ఆమ్లము సమపాళ్లలో కలిపి, లీటరు నీటికి మొత్తము 50 గ్రాముల చొప్పున కరిగించి, అందులో ఒక వారము నానబెట్టవచ్చును. ఈ మందు నీటిలో తిరిగి కరిగిపోవును గనుక, కర్ర పూర్తియైన తరువాత వార్నిషు తప్పక వేయవలెను. మిగిలిన మందునీటిని చెరువులో గాని, పంట చేనులో గాని పారబోయరాదు. బోరాను మోతాదు మించిన పైరు ఆకులు అంచులు మాడును.

తరువాత నీడలో, గాలి తగులు చోట రెండు మూడు నెలలు ఆరవలెను. ఎండలో పెట్టిన పైచర్మము ముందు ఆరి పగులును. గోడకు ఏటవాలుగా ఆనించిన నడుము వంగును. కొస క్రిందికి ఉండునట్లు దూలమునకు వ్రేలాడదీసి, కొసకు చిన్న ఇటుక ముక్క కట్టిన కర్ర నిటారుగా ఆరును. పాత ఇండ్లలో పొయ్యి పైనున్న అటుకపై ఉంచెడివారు. పొగ తగిలిన వెదురు జోలికి పురుగు తొందరగా రాదు.

సాపు చేయుట

ఆరిన తరువాత ఎంత మంచి వెదురైనను కణుపుల వద్ద కొంత వంకర ఉండును. దీనిని వేడి మీద తీయవలెను. మంట పనికిరాదు, బొగ్గుల నిప్పు కావలెను. వంకర ఉన్న చోటును నిప్పుకు నాలుగు అంగుళముల ఎత్తున పట్టి, నిలుపకుండ త్రిప్పుచుండవలెను. కొంతసేపటికి చర్మముపై నూనెవలె చెమ్మ తేలును. అదియే తగిన వేడికి గుర్తు. వెంటనే గుడ్డతో తుడిచి, వంకరకు ఎదురుగా మెల్లగా వంచి, చల్లారువరకు అట్లే పట్టి ఉంచవలెను. వేడిగా ఉండగా వదిలినచో మరల మొదటికి వచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక. బోలు వెదురును పచ్చిగా నిప్పు మీద పెట్టినచో కణుపుల నడుమ చిక్కిన ఆవిరి పొంగి టపాకాయవలె ప్రేలును. బాగా ఆరిన కర్రనే కాచవలెను. ముఖమును ప్రక్కకు పెట్టి, పిల్లలను దూరముగా ఉంచి చేయవలెను.

కణుపుల వద్ద పొడుచుకొని వచ్చిన గుబురును మాత్రము ఆకురాయితో సమము చేయవలెను. అంతకు లోతుగా పోరాదు.

ఎవరికి ఎట్టి కర్ర

అంగడిలో దొరకు కర్ర అందరికీ ఒక్కటే. ఇంట చేసికొన్న కర్ర మనిషికి, నీటికి, చేపకు తగినట్లుండును. చేసికొనుటలో లాభమంతా ఇదియే.

చెరువు గట్టున కూర్చుని పరిగెలు, చిన్న జెల్లలు పట్టువానికి 10 నుండి 12 అడుగుల పొడవు గల తేలిక కర్ర కావలెను. కొస చిటికెన వ్రేలికన్న సన్నముగా, మెత్తగా వంగునట్లుండవలెను. చిన్న చేప నోరు మెత్తన. బిరుసు కర్రతో లాగిన నోరు చిరిగి జారిపోవును.

తామర, గుర్రపుడెక్క అల్లుకొన్న చెరువులలో, తంపరలలో కొరమీను పట్టువానికి ఇది పనికిరాదు. ముల్లు తగిలిన వెంటనే కొరమీను నాచులో దూరును. దానిని వెంటనే మరల్చగల 8, 9 అడుగుల బిరుసు కర్ర, లావు దారము కావలెను. నదిలో వాలుగ కొరకు ఇసుక మేట మీద నిలబడువాడు దూరము విసరవలెను గనుక రీలు, రింగులు ఉన్న కర్రయే మంచిది.

పిల్లవాని కర్ర వాని ఎత్తుకు రెట్టింపు మించరాదు. ముసలివారికి మొదలు వైపు కొంచెము బరువు కట్టిన కర్ర ముందుకు వ్రాలక, మణికట్టు నొప్పి పుట్టింపదు. పట్టు చోట గోగునార గాని, నూలు త్రాడు గాని జానెడు మేర చుట్టిన, చేయి తడిసినను జారదు.

కర్రకు ఏ వైపు పైన ఉండవలెను? మొదలును నేల మీద ఆనించి, కొసను ఎడమ చేతిలో నిలిపి, కుడి చేతితో నడుమను ఒత్తుచు కర్రను గుండ్రముగా త్రిప్పి చూడండి. ఒక వైపుకు తేలికగా వంగును. ఆ వైపే చేప లాగు దిశ కావలెను. లేనియెడల బరువు పడినప్పుడెల్లా కర్ర చేతిలో మెలి తిరుగును.

కట్టు, దారము, ముల్లు

ఆరిన వెదురు నిలువున పగులుట సహజము. దానికి మందు దారపు కట్టు. మొదలు నుండి కొస వరకు అడుగుకొకటి చొప్పున, అంగుళము వెడల్పున కట్టు వేయవలెను. నూలు గాని, సన్నని నైలాను గాని పనికివచ్చును. దారము మొదటి కొసను కర్ర వెంబడి పరచి, దాని మీదుగా చుట్లు ఒకదాని ప్రక్కన ఒకటి ఎడము లేక బిగువుగా చుట్టవలెను. ఇంక ఆరేడు చుట్లున్నవనగా, వేరొక దారమును మడిచి ఉచ్చువలె కర్రపై ఉంచి, దాని మీదుగా మిగిలిన చుట్లు వేసి, చివరి కొసను ఆ ఉచ్చులో దూర్చి, ఉచ్చును వెనుకకు లాగవలెను. కొస చుట్ల క్రిందికి పోయి బిగియును. ముడి ఉండదు, ముడి లేదు గనుక ఊడుట లేదు, దారమునకు తగులుట లేదు.

కట్లపై, కర్ర అంతటను, పలుచగా మూడు మార్లు వార్నిషు వేయవలెను. ఒక పూత బాగుగా ఆరిన తరువాతనే మరియొకటి. ఒకేసారి దట్టముగా వేసిన పూత కర్ర వంగినప్పుడు పెచ్చులూడును. పలాస ప్రాంతములో దొరకు జీడిపిక్కల తొక్క నూనెను పడవ కొయ్యలకు పూయుట కద్దు. అది కర్రకును మంచిదే గాని, చర్మముపై పడిన బొబ్బలెక్కును. చేతులకు తొడుగులు లేనిదే దానిని ముట్టరాదు. పిల్లలున్న ఇంట వార్నిషే క్షేమము.

దారమును కొసకు మాత్రమే కట్టుట మనవారి అలవాటు. ఇది మంచిది కాదు. దారమును మొదలు వద్ద కట్టి, కర్ర వెంబడి రెండు మూడు చోట్ల చుట్టి, కొస వద్ద మరల బిగించి విడువవలెను. కొస విరిగినను చేప, దారము మీ చేతిలోనే యుండును. దారము కర్రకన్న బలహీనమై ఉండవలెనని కూడ గుర్తుంచుకొనండి. నాచులో చిక్కినప్పుడు తెగవలసినది దారము. విరుగవలసినది కర్ర కాదు.

నైలాను జారుడు గనుక మామూలు ముడి నిలువదు. దారమును ముల్లు కంటిలో దూర్చి, తన చుట్టు తానే ఐదారు మెలికలు త్రిప్పి, కొసను కంటి దగ్గరి సందులో దూర్చి, నోటి తడి పెట్టి మెల్లగా బిగించవలెను. పొడిగా లాగిన రాపిడికి నైలాను వేడెక్కి ముడి వద్దనే బలహీనపడును. ఎండకు నైలాను పెళుసెక్కును. ఏటేటా మార్చుట మంచిది. తేలుటకు జీలుగు బెండు, నెమలి ఈక మొదలు రెండును మేలు. మునుగుటకు కట్టు సీసపు గుళ్లను పంటితో నొక్కరాదు. సీసము విషము, పటకారుతో నొక్కవలెను.

ఎరకు ఎర్రలు, పిండి ముద్ద చాలును. కొరమీను కొరకు బ్రతికిన కప్పను గుచ్చు అలవాటు మానవలెను. కప్ప మీ వరిచేలో పురుగులను తిను కాపలాదారు. కప్పల నష్టమును గుర్తించియే మన ప్రభుత్వము 1987లో కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించినది. రబ్బరు కప్పలు దొరకుచున్నవి. వాటికి కొరమీను తగులును.

కర్ర పరీక్ష

పూర్తియైన కర్రను నీటికి తీసికొని పోవుటకు ముందు ఇంటి వద్ద పరీక్షించవలెను. కొసకు దారము కట్టి, దానికి ఒక కిలో బియ్యపు సంచి కట్టి, మొదలును నడుము వద్ద ఆనించి మెల్లగా పైకెత్తండి. కర్ర మొదలు నుండి కొస వరకు విల్లువలె ఒకే వంపున వంగవలెను. ఒక్క చోట మోచేయివలె మడత కనిపించినచో అక్కడ లోపమున్నది. అక్కడ కట్టు వేయవలెను, లేదా ఆ కర్రను పాదులకు వాడుకొనవలెను. పరిగెల కర్రకు పావుకిలో చాలును. రింగుల కర్రకైతే వంగి ఉన్నప్పుడు దారము కర్రను ఒరయకూడదు. అందుకే రింగులు కొస వైపు దగ్గర దగ్గరగా, మొదలు వైపు ఎడముగా ఉండవలెను.

కర్ర ఎందుకు విరుగును

విరిగిన కర్రలలో పెక్కు చేప బరువు వలన గాక మన చేతి తప్పు వలన విరిగినవే. నీటిలో ఉన్నంతసేపు చేప బరువును నీరే మోయుచుండును. పైకెత్తిన క్షణమున ఆ బరువంతయు కర్ర మీద పడును. అప్పుడు కర్రను నిటారుగా ఎత్తి పట్టినచో బరువు సన్నని కొస మీదనే నిలుచును, కొస పుటుక్కుమనును. కర్రను వాలుగా ఉంచి, వంపు నడుము వరకు దిగునట్లు పట్టి, చేపను ఒడ్డు దాపునకు నడిపించి, చేతి వలతో గాని, చేతితో గాని తీయవలెను. కర్ర పని చేపను అలయించుట, నడిపించుట, మోయుట కాదు.

ముల్లు చిక్కుకొన్నప్పుడు కర్రతో లాగుట రెండవ కారణము. కర్రను క్రింద పెట్టి, చేతికి గుడ్డ చుట్టి దారమునే లాగవలెను. సైకిలుకు కట్టి ఈడ్చుట, తలుపు సందున నలుగుట, ఎండలో మోటారు బండి మీద వదలుట మిగిలిన కారణములు.

వెదురు కర్ర మరమ్మతు

నిలువు పగులు: ఇది తేలికయైనది. పగులును కొద్దిగా తెరచి, దుమ్ము ఊది, తడి ఆరనిచ్చి, జిగురు ఎక్కించి, పగులుకు ఇరువైపుల అంగుళము మించునట్లు బిగువుగా కట్టు వేయవలెను. రెండు భాగములు కలుపు ఎపాక్సీ జిగురు నీటికి తట్టుకొనును. వడ్రంగి తెల్ల జిగురు ఎక్కువకాలము నీటిలో నానిన నిలువకపోవచ్చును.

అడ్డముగా విరుగుట: విరిగిన రెండు కొసలను ఎదురెదురుగా ఆనించి గుడ్డ చుట్టుట వలన ప్రయోజనము లేదు. రెండిటిని పొడవైన ఏటవాలుగా చెక్కి ఒకదానిపై ఒకటి అతకవలెను. ఏటవాలు పొడవు కర్ర లావుకు పది పన్నెండు రెట్లుండవలెను. అర అంగుళము లావు కర్రకు ఆరు అంగుళముల ఏటవాలన్న మాట. అతుకు పొడవైన కొలది జిగురు పట్టు వైశాల్యము పెరుగును. జిగురు పూసి, నూలుతో తాత్కాలికముగా బిగించి, ఒక రోజు కదలనీయక, తరువాత పూర్తి కట్టు వేయవలెను. బోలు వెదురైనచో లోపల గట్టి వెదురు ముక్కను దూర్చవలెను.

ఇక్కడ ఒక కీలకమున్నది. "బాగు చేసిన చోట గట్టిగానే ఉన్నది, దాని ప్రక్కనే మరల విరిగిన"దని చాలమంది అందురు. కారణమిది: అతుకు బిరుసై వంగదు, దాని అంచు వద్ద వంపు ఒక్కసారిగా మొదలగును. ఆ అంచునే బరువు పడి విరుగును. అందుచే లోపలి ముక్క రెండు కొసలను పెన్సిలువలె సన్నముగా చెక్కవలెను. పైకట్టును అంచులకు పోయిన కొలది పలుచన చేయవలెను. అప్పుడు వంపు మెల్లగా అతుకులోనికి వచ్చి, మెల్లగా బయటికి పోవును.

కొస విరుగుట: పాత కొసను వెదుకుట వలదు. మొదటి నుండియే రెండు మూడు సన్నని కొసలను ఆరబెట్టి ఉంచుకొనవలెను. పై ఏటవాలు పద్ధతినే అతకవచ్చును, లేదా ఇత్తడి గొట్టము బిగించి కావలసినప్పుడు మార్చుకొనవచ్చును.

పురుగు: కర్రను బండపై తట్టిన పిండి రాలినచో రంధ్రములను చూడండి. ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉన్న, జిగురుతో పూడ్చి, కట్టు వేసి వాడవచ్చును. అంతటను ఉన్నచో ఆ కర్రను పొయ్యిలో పెట్టుడు. దాచినచో ప్రక్కనున్న మంచి కర్రలకును, వాసములకును పురుగు వ్యాపించును.

ఫైబరు కర్రల మరమ్మతు

విరిగిన ఫైబరు కర్రను పారవేయనక్కరలేదు. విరిగిన చోట నలిగిన పోచలను గరుకు కాగితముతో శుభ్రపరచి, లోపల సరిగా పట్టు గట్టి వెదురు ముక్కను గాని, పాత ఫైబరు ముక్కను గాని కర్ర లావుకు ఐదారు రెట్ల పొడవు ఒక్కొక్క వైపు పోవునట్లు జిగురుతో దూర్చి, పైన దారపు కట్టు వేసి జిగురు పూయవలెను. కొసలను సన్నము చేయు నియమము దీనికిని వర్తించును. గరుకు కాగితముతో రాయునప్పుడు నీరు చల్లి రాయవలెను, ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను. ఆ పొడి ఊపిరితిత్తులలోనికి పోరాదు. చర్మమునకు దురద పుట్టించును. ఊడిన రింగును పాత జిగురు గీకి మరల కట్టవచ్చును. రింగు లోపలి అంచును దూదితో తుడిచి చూడండి. దూది చిక్కినచో అక్కడ బీటయున్నది. అది దారమును కోయును. అట్టి రింగును మార్చవలెను.

ప్రాణమునకు సంబంధించిన జాగ్రత్తలు

కార్బన్ ఫైబరు కర్రలో విద్యుత్తు ప్రవహించును. తడిసిన వెదురును నమ్మరాదు. మన చెరువు గట్ల మీదుగా, పొలముల మీదుగా విద్యుత్తు తీగలు పోవుచున్నవి. 12 అడుగుల కర్రను భుజమున నిలువుగా పెట్టుకొని తీగల క్రింద నడచుట, అక్కడ విసరుట ప్రాణాపాయము. కర్రను అడ్డముగా పట్టుకొని నడవండి. ఉరుము వినబడిన వెంటనే కర్రను క్రింద పెట్టి గట్టు దిగవలెను. మదుముల వద్ద, నదులలో నీరు విడుదలయగు చోట్ల దిగరాదు. చెరువు చేపల హక్కు మత్స్యకార సహకార సంఘమునకో, పాటదారుకో ఉన్నచో వారి అనుమతి పొందిన తరువాతనే గేలము వేయవలెను. వారి జీవనాధారము అది.

తెగిన నైలానును గట్టున వదలరాదు. అది ఏండ్ల తరబడి చివుకదు. టెక్కలి వద్ద తేలినీలాపురమునకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇచ్ఛాపురం వద్ద తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు ఏటేటా వచ్చి గూళ్లు కట్టును. వాటి కాళ్లకు, రెక్కలకు ఈ దారము ఉరియగును. గడ్డితో పాటు ముల్లు మింగిన పశువు బ్రతుకుట కష్టము. ముక్కలను చుట్టి ఇంటికి తెచ్చి చెత్తలో వేయండి.

తల్లి కొరమీనును విడువండి

చివరగా ఒక్క మాట. మంచి కర్ర చేతికి వచ్చినవానికి బాధ్యతయు వచ్చును. కొరమీను తన పిల్లలను కాచుకొను చేప. వానలు పడిన తరువాత చెరువులో ఎర్రని చిన్న పిల్లలు గుంపుగా నీటి పైకి వచ్చి పోవుచుండును. వాటి క్రిందనే తల్లిదండ్రులు కాపలా ఉండును. ఎదుటికి వచ్చిన దేనినైనను అవి కరచును గనుక, అప్పుడు పట్టుట మహా తేలిక. కాని ఆ ఒక్క చేపను పట్టిన, కాపు లేని గుంపును ఇతర చేపలు, పక్షులు కొద్ది రోజులలో తినివేయును. మీకు దక్కినది ఒక పూట కూర. పోయినది మీ చెరువులో వచ్చే ఏటి కొరమీను. ఎర్ర గుంపు కనిపించిన చోట గేలము తీసి వేరొక చోటికి పోవలెను. తొలకరి నీటికి ఎదురెక్కు శెనగల చేపలను, అనగా గ్రుడ్లతో నిండినవాటిని, అట్లే విడువవలెను.

సోదరులారా! చలికాలములో ముదురు వెదురు ఎంచి నరకండి. పారు నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టండి. పైచర్మమును కాపాడండి. అడుగుకొక కట్టు వేయండి. దారమును మొదలు నుండి కట్టండి. అతుకును పొడవుగా, అంచులను సన్నముగా చేయండి. విరిగినదానిని పారవేయక, ఒక సాయంకాలము మీ పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని బాగు చేయండి. మీ ఊరిలో వెదురు పని ఎరిగిన మేదరి పెద్ద ఉన్నచో వారిని పిలిచి, తగిన కూలి ఇచ్చి, నలుగురు కుర్రవాండ్రకు నేర్పించండి. ఆ కర్ర కన్న ఆ తెలివి ఎక్కువకాలము నిలుచును.